ఎగ్జిబిట్ ఏ-17: వెన్నుపాము దెబ్బతిన్న ఒక టైల్స్ మేస్త్రి పరిహారం కేసు

విశాఖ జిల్లా కోర్టులో మోటారు ప్రమాద పరిహారం కేసులు నడుపుతూ ఇరవై ఏళ్ళు దాటింది. కాలు విరిగినవి, చెయ్యి తీసేసినవి, మనిషే పోయినవి లెక్కలేనన్ని చూశాను. వెన్నుపాము కేసులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి ఈ మధ్య ట్రిబ్యునల్లో (ఈ పరిహారం కేసులు తేల్చే కోర్టు అది) తేలింది. అందులో నా పొరపాట్లు రెండు ఉన్నాయి, వాటిని కడిగేసిన ఒక నోటు పుస్తకం ఉంది. జూనియర్లు ఫైలు అడిగి తీసుకెళ్ళి చదువుతున్నారు గానీ ఫైల్లో ఉండేది సగమే కదా. అందుకని మొత్తం రాస్తున్నాను. కక్షిదారుకి చెప్పే రాస్తున్నాను. పేర్లు, ఇంటి గుర్తులు తీసేశాను. లెక్కలు మాత్రం ఉన్నవున్నట్టే. అతన్ని మేస్త్రి అనే అంటాను, వాళ్ళ వీధిలో అందరూ పిలిచేది అలాగే.

మేస్త్రిది శ్రీకాకుళం జిల్లా. పన్నెండేళ్ళ క్రితం వచ్చి మధురవాడలో స్థిరపడ్డాడు. అపార్ట్‌మెంట్లకు టైల్స్ వేస్తాడు. ప్రమాదం నాటికి వయసు 34. 2022 నవంబరులో ఒక సాయంత్రం పని ముగించుకుని ఆనందపురం, పెందుర్తి రోడ్డులో బండి మీద వస్తుంటే వెనకనుంచి టిప్పర్ గుద్దింది. ఎగిరి కల్వర్టు గోడకు నడుము తగిలేలా పడ్డాడు. రక్తం పెద్దగా లేదు. స్పృహ కూడా పోలేదు. "కాళ్ళు ఎక్కడున్నాయో తెలియట్లేదు" అన్నాడట. చుట్టూ చేరినవాళ్ళు 108కి ఫోన్ చేశారు గానీ అది వచ్చేదాకా మనసు ఒప్పలేదు. ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ళ కింద పట్టుకుని ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఆ ఆటో సంగతి తరవాత కోర్టులో వచ్చింది, అక్కడ చెబుతాను.

ఎంఆర్‌ఐలో తేలింది ఇది: నడుము దగ్గరి ఎల్1 వెన్నుపూస పగిలి, ముక్క లోపలికి చొచ్చుకొచ్చి వెన్నుపామును నలిపేసింది. డాక్టర్లు కాగితం మీద "డి12-ఎల్1, కంప్లీట్, ఏషియా ఏ" అని రాశారు. ఏషియా అనేది వెన్నుపాము దెబ్బ ఏ స్థాయిలో ఉందో చెప్పే కొలత. ఏ నుంచి ఈ వరకు ఉంటుంది. ఏ అంటే దెబ్బ తగిలిన చోటు కింద కదలికా లేదు, స్పర్శా లేదు, మల విసర్జన దగ్గర కూడా. ఈ ఒక్క అక్షరం కేసులో ఎంత పని చేస్తుందో చాలామంది లాయర్లు గమనించరు. కాలి వేళ్ళయినా కదుపుతున్నాడు అని రాస్తే అది సి అవుతుంది, ఇన్సూరెన్స్ వాళ్ళ వాదన మొత్తం అక్కడ మొదలవుతుంది.

రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు. ఆ ఆపరేషన్ వెన్నెముకను నిలబెట్టడానికి, మనిషిని కూర్చోబెట్టగలిగేలా చెయ్యడానికి. చితికిపోయిన వెన్నుపామును అది తిరిగి తేలేదు. ఈ ముక్క ఇంట్లోవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. అందుకే నా ఆఫీసుకు వచ్చిన రోజు మేస్త్రి తల్లి మొదట అడిగింది డబ్బు గురించి కాదు. "ఆపరేషన్ అయిపోయింది కదా బాబూ, మా వోడు ఎప్పుడు లేస్తాడు?" అంది. నేను లాయర్ని, డాక్టర్ని కాదు. ఏం చెప్పాలో తెలియక టీ తెప్పించాను.

ఆలస్యంగా వచ్చారు

వాళ్ళు వచ్చింది ప్రమాదం జరిగిన అయిదు నెలలు దాటాక. అప్పటిదాకా ఏం చేశారంటే, ఎదురు చూశారు. ఆస్పత్రి వార్డులోనే టిప్పర్ ఓనర్ తరఫు మనిషి ఒకడు ఆపిల్ పళ్ళతో, స్టాంపు కాగితంతో వచ్చాడు. మూడు లక్షలు ఇస్తాం, సంతకం పెట్టండి అన్నాడు. మేస్త్రి భార్య పెట్టలేదు. ఆమె చదివింది పదో తరగతే గానీ "ఆయన నిద్రలో ఉన్నారు, లేచాక అడుగుతాను" అని రెండు వారాలు అదే మాట చెప్పింది. తరవాత అతను రావడం మానేశాడు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, 2022 ఏప్రిల్ 1 నుంచి పరిహారం పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలి. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది గానీ ఆ వివాదం మీద ఆశ పెట్టుకుని కూర్చోకూడదు. నా చేతికి ఫైలు వచ్చేసరికి పదకొండు రోజులు మిగిలాయి. ఎఫ్‌ఐఆర్, రఫ్ స్కెచ్, మోటార్ వెహికిల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, చార్జిషీటు పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగి తెచ్చేసరికి వారం అయింది. మిగిలిన నాలుగు రోజుల్లో పిటిషన్ రాశాను. 2023 మేలో వేశాం. ఆ హడావుడిలో 50 లక్షలే అడిగాను. అది నా మొదటి పొరపాటు. కాకపోతే ఈ పొరపాటుకు మందు ఉంది. అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదని నాగప్ప కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ట్రిబ్యునల్ చూడాల్సింది న్యాయమైన పరిహారం ఎంత అన్నదే. అదనపు మొత్తానికి కోర్టు ఫీజు కట్టుకుంటే చాలు.

ఇంకో మాట, పక్కదారే అయినా చెప్పాలి. మేస్త్రి భార్య ఆ రోజు లేవబోతూ "సార్, మీకు ఎంత పర్సెంటు?" అని అడిగింది. అందరూ అడుగుతారు, ఎందుకంటే అందరూ చెబుతారు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. పైగా వికలాంగులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు న్యాయ సేవల చట్టం సెక్షన్ 12లో ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే లాయర్ని వాళ్ళే ఇస్తారు. ఈ సంగతి వాళ్ళకు చెప్పాను. చెప్పాక కూడా నా దగ్గరే ఉన్నారు, విడిగా ఒక ఫీజు మాట్లాడుకున్నాం. చెప్పకుండా ఉంచుకోవడం మాత్రం నాకు నచ్చదు.

శాతం చుట్టూ జరిగిన గొడవ

మేస్త్రికి సదరం సర్టిఫికెట్ 90 శాతం వైకల్యం అని వచ్చింది. టిప్పర్ ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు (పాత మిత్రుడే, కోర్టు బయట ఇద్దరం కలిసే టీ తాగుతాం) దీని మీద రెండు బాణాలు వేశాడు. సదరం ఇచ్చేది పెన్షన్ కోసం, కోర్టు కోసం కాదు. ఒకవేళ ఒప్పుకున్నా, ఆదాయంలో 90 శాతమే పోయినట్టు లెక్కెయ్యాలి.

రెండోదానికి జవాబు రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పులో ఉంది. 2010 అక్టోబరులో వచ్చిన ఈ తీర్పు మా రంగంలో పెద్దబాలశిక్ష లాంటిది. శరీరానికి ఎంత శాతం వైకల్యం అన్నది వేరు, సంపాదించే శక్తి ఎంత శాతం పోయింది అన్నది వేరు. ఎడమ చెయ్యి తీసేస్తే వైకల్యం 60 శాతం అనుకుందాం. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగమే పోకపోవచ్చు. ఈ ఉదాహరణ ఆ తీర్పులోదే. టైల్స్ వేసేవాడు రోజంతా గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మీద జరుగుతూ పని చేస్తాడు. నడుము కింద చచ్చుబడిన మనిషికి ఆ పనిలో మిగిలేది సున్నా. కాబట్టి వంద శాతం. దీనిమీద ట్రిబ్యునల్‌కు పెద్ద అనుమానం రాలేదు.

మొదటి బాణం నిజంగానే గుచ్చుకుంది. సర్టిఫికెట్ను కోర్టు సాక్ష్యాల్లో మార్క్ చేయించినంత మాత్రాన సరిపోదు, డాక్టరు బోనెక్కి చెప్పాలి, ఎదుటివాళ్ళు ప్రశ్నించే అవకాశం ఉండాలి. డాక్టర్లు రారు. వాళ్ళ బాధ వాళ్ళది. అదే రాజ్ కుమార్ తీర్పు ఈ మాటా అంది: బిజీగా ఉండే సర్జన్ రోజంతా కోర్టు వరండాలో కూర్చునే టైములో ఆస్పత్రిలో పది ప్రాణాలు నిలబెట్టగలడు, కాబట్టి ట్రిబ్యునళ్ళు డాక్టర్లను గౌరవంగా చూడాలి, సాక్ష్యానికి టైము ముందే ఇవ్వాలి అని. ఆ పేరాను పిటిషన్‌కు జతచేసి, డాక్టరుగారి సాక్ష్యం ఫలానా రోజు పదిన్నరకే మొదలుపెట్టాలని కోరాం. న్యాయమూర్తి ఒప్పుకున్నారు. పదకొండుంబావుకల్లా ఆయన తిరిగి వెళ్ళిపోయారు. ఇది ఒక్కటి నేర్చుకున్నా జూనియర్లకు సగం వాయిదాలు తగ్గుతాయి.

క్రాస్‌లో (ఎదుటి లాయరు సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఆటో సంగతి అక్కడే వచ్చింది. "మడతపెట్టి ఆటోలో కుదేసి తీసుకెళ్ళడం వల్లే వెన్నుపాము తెగింది కదండీ?" అని ఎదుటి లాయరు అడిగాడు. అంటే టిప్పర్ తప్పు కాదు, సాయం చేసినవాళ్ళ తప్పు అన్నమాట. డాక్టరు తొణకలేదు. పూస పగిలిన తీరు పైనుంచి ఒక్కసారిగా పడ్డ బరువుకు వచ్చేది, చేతులతో ఎత్తితే రాదు, పైగా ఆటో ఎక్కకముందే కాళ్ళు తెలియట్లేదని మనిషే చెప్పాడని కేస్ షీటులో ఉంది అన్నారు. వార్డులో మొదటి రోజు రాత్రి ఎవరో డ్యూటీ డాక్టరు రాసిన ఒక్క లైను అది. పేషెంటు చెప్పిన చరిత్ర అని కేస్ షీటులో ఒక చోటు ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీ తెచ్చుకుని ఊరుకుంటే ఈ లైను దొరికేది కాదు. కేస్ షీటు మొత్తం కాపీ తెచ్చుకోవాలి.

డిశ్చార్జి సమ్మరీతో ఇంకో తలనొప్పి కూడా ఉంది. చివరన "పేషెంట్ స్టేబుల్" అని ఉంటుంది. బీపీ, పల్స్ నిలకడగా ఉన్నాయని దానర్థం. "స్టేబుల్ అని మీ ఆస్పత్రే రాసింది, అంటే బాగయిందనే కదా?" అని అడిగితే మామూలు మనిషి తడబడతాడు.

నేను రాసిన ఒక వాక్యం

ఇప్పుడు రెండో పొరపాటు. మేస్త్రి భార్య సాక్ష్యం అఫిడవిట్‌లో నేను ఇలా రాయించాను: "నా భర్తను రాత్రింబవళ్ళు నేనే చూసుకుంటున్నాను." గుండెకు తగలాలని రాశాను. క్రాస్‌లో అది వచ్చి నా పీకకే చుట్టుకుంది.

"మీ భర్తను చూసుకోడానికి ఎవరినైనా జీతానికి పెట్టుకున్నారా అమ్మా?"

"లేదండి."

"ఎవరికీ రూపాయి ఇవ్వట్లేదు?"

"లేదండి."

"అంటే సహాయకుల ఖర్చు కింద మీకు ఒక్క రూపాయి కూడా అవలేదు."

ఆమె నా వైపు చూసింది. నేను కిందికి చూశాను. "లేదండి" అంది.

రికార్డులోకి ఆ మూడు "లేదండి"లు ఎక్కాయి. నడుము కింద చచ్చుబడిన మనిషికి బతికినంతకాలం పక్కన ఒకరు ఉండాలి. కేసు మొత్తంలో ఆదాయ నష్టం తరవాత పెద్ద పద్దు అదే. దాన్ని నేనే పోగొట్టినట్టయింది.

వరండాలోకి వచ్చాక ఆమె అడిగింది. "సార్, నేను రాసుకున్న పుస్తకం ఒకటి ఉంది. పనికొస్తుందా?"

మర్నాడు తెచ్చింది. రెండో తరగతి కొడుకు సగం వాడి వదిలేసిన రూళ్ళ పుస్తకం. వెనక అట్ట మీద ఎక్కాలు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఒక నర్సమ్మ "ఎప్పుడు ఎటు తిప్పారో, పైపు వేస్తే ఎంత వచ్చిందో రాసుకోమ్మా" అందట. ఆ మాట పట్టుకుని మొదటి రోజు నుంచి రాసింది. ఒక రోజు ఇలా ఉంది:

"రా. 1 ఎడమ. 3 కుడి. 5 ఎల్లకిల. 5.30 పైపు 350. 6.15 మోషన్, 50 ని. 7.30 ఒళ్ళు తుడవడం. 9.30 పైపు 400. గ్లౌజులు అయిపోయాయి. 11 కుర్చీ. 11.20 ఎత్తడం. 11.40 ఎత్తడం. 1.30 పైపు 300, వాసన. బాబు స్కూల్ నుంచి వచ్చాడు."

వివరం తెలియనివాళ్ళ కోసం: మూత్రం వచ్చినట్టు తెలియదు కాబట్టి నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్న పైపు వేసి తియ్యాలి. తియ్యకపోతే వెనక్కు పోయి కిడ్నీలు పాడవుతాయి. వాసన అంటే ఇన్‌ఫెక్షన్ మొదలవుతోందని. పడుకున్నప్పుడు రెండేసి గంటలకు పక్క మార్చాలి, కుర్చీలో ఉంటే ఇంకా తరచుగా పైకెత్తి దించాలి. లేకపోతే ఒత్తిడి పడినచోట చర్మం చచ్చిపోయి పుండు పడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి అతను చెప్పలేడు, ఇంకొకరు చూసి కనిపెట్టాలి.

ఇంకో నాలుగు పేజీల తరవాత తేదీలు వేసి ఇవి ఉన్నాయి. "9: నిద్ర పట్టేసింది. 1, 3 తిప్పలేదు." "11: కుడి తుంటి ఎర్రగా." "19: తోలు లేచింది." తరవాతి నెలలో "పుండు. డ్రెస్సింగ్ 250" అని వరసగా ఇరవై రెండు రోజులు.

నేను ఆ పేజీ చాలాసేపు చూశాను. సహాయకుడు కావాలని ఏ డాక్టరు సర్టిఫికెట్ రాసినా ఇంత బలంగా ఉండదు. ఒక మనిషి రాత్రంతా రెండేసి గంటలకు లేస్తూ, పగలు వంటా పిల్లాడూ చూసుకుంటూ ఎన్నాళ్ళని నెగ్గుకొస్తుంది? ఒక్క రాత్రి కన్ను మూతపడితే నెలరోజుల పుండు.

రీకాల్ పిటిషన్ వేసి ఆమెను మళ్ళీ బోనెక్కించాం. పుస్తకం కోర్టు సాక్ష్యంగా, ఎగ్జిబిట్ ఏ-17గా మార్క్ అయింది. అప్పుడే ఇంకో సంగతి కూడా రికార్డుకెక్కింది: ప్రమాదానికి ముందు ఆమె టైలరింగ్ షాపులో పని చేసేది, అది మానేసింది. మొదటిసారి నేను ఇది అడగనేలేదు. ఎదుటి లాయరు తన పని తాను చేశాడు, "మీరు నిద్రపోవడం వల్లే కదా పుండు పడింది?" అని అడిగాడు. ఆమె "అవునండి, నేనే" అంది. దానిమీద అతను ఇంకో ప్రశ్న అడగలేదు. న్యాయమూర్తి పుస్తకం తీసుకుని వెనక అట్ట దాకా తిరగేశారు.

టేపు పెట్టి కొలిచిన తలుపు

మేస్త్రి సాక్ష్యం కోర్టులో జరగలేదు. వాళ్ళది మొదటి అంతస్తులో అద్దె ఇల్లు, లిఫ్టు లేదు. నలుగురు మోసి దించితే తప్ప కిందికి రాలేడు. కోర్టు తరఫున వచ్చి సాక్ష్యం రాసుకునే అడ్వొకేట్ కమిషనర్ను వేయించుకుని ఇంటి దగ్గరే రికార్డు చేయించాం. కమిషనర్‌గా వచ్చిన కుర్రాడు చురుకైనవాడు. సాక్ష్యం ముగిశాక నా జేబులోని టేపు తీసుకుని బాత్రూమ్ తలుపు కొలిచాడు: 24 అంగుళాలు. వీల్‌చెయిర్ వెడల్పు: 26. రెండు అంకెలూ తన రిపోర్టులో రాశాడు. మేస్త్రి బాత్రూముకు ఎందుకు వెళ్ళలేడో, మంచం మీదే అన్నీ ఎందుకు జరగాలో వివరించడానికి నేను మూడు పేజీలు రాసుకున్నాను. అవి చదవాల్సిన పని పడలేదు.

ఆదాయం నిరూపించడం మామూలు గొడవే, కుదించి చెబుతాను. చదరపు అడుగుకు ఇంత అని తీసుకునే మేస్త్రికి జీతం స్లిప్పు ఉండదు. ఇద్దరు కాంట్రాక్టర్లలో ఒకరు సాక్ష్యానికి వచ్చారు, ఒకరు రాలేదు. ఫోన్‌పేలో వచ్చిన డబ్బులు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ బాగా పనికొచ్చింది. మేము నెలకు 24,000 అన్నాం, వచ్చిన డబ్బులో సిమెంటు, హెల్పర్ కూలి కూడా ఉంటాయి కదా అని ట్రిబ్యునల్ 15,000 దగ్గర ఆగింది. అది తక్కువే.

బిల్లుల గురించి ఒక హెచ్చరిక. మందుల షాపుల్లో ఇచ్చే మెరిసే కాగితం బిల్లులు ఏడాది తిరిగేసరికి తెల్లకాగితాలైపోతాయి. మా ఫైల్లో అలా ముప్పై దాకా మాయమయ్యాయి. అడిగిన 7.8 లక్షల వైద్య ఖర్చులో 6.41 లక్షలే దక్కడానికి అదొక కారణం. బిల్లు వచ్చిన రోజే జిరాక్స్ తీసి, పేషెంటు పేరు లేకపోతే షాపులోనే రాయించుకోవాలి.

మేస్త్రికి డ్రైవింగ్ లైసెన్స్ లేదు, ఎల్‌ఎల్‌ఆర్ గడువు దాటిపోయింది. అందువల్ల తప్పులో అతనికీ వాటా ఉందని కంపెనీ వాళ్ళు అన్నారు. లైసెన్స్ లేకపోవడం ఒక నేరం కావచ్చు గానీ, వెనకనుంచి వచ్చి గుద్దినదానికి అదే కారణం కాదు. సుధీర్ కుమార్ రాణా కేసులో 2008లోనే సుప్రీంకోర్టు ఈ చిక్కు విప్పింది. టిప్పర్ డ్రైవరుకు ఉన్నది లైట్ వెహికిల్ లైసెన్స్. ఆ లైసెన్స్‌తో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపొచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది గానీ టిప్పర్ బరువు అంతకు చాలా మించింది. అందుకని ట్రిబ్యునల్ ఇన్సూరెన్స్ కంపెనీని ముందు మాకు చెల్లించి, తరవాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమంది.

లోక్ అదాలత్‌లో వచ్చిన బేరం

కేసు మధ్యలో, రాజీ కుదిర్చే నేషనల్ లోక్ అదాలత్‌లో కంపెనీ వాళ్ళు 38 లక్షలు ఇస్తామన్నారు. నెలలోపు చెక్కు. ఇది చిన్న మాట కాదు. వాళ్ళ నెత్తిన ఆరున్నర లక్షల అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. అంటే ఇటువైపు నుంచి ఎక్కువ అడగడానికీ లేదు, అటువైపు నుంచి హైకోర్టుకు ఈడ్చడానికీ లేదు.

నేను తీసుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మేస్త్రి మంచం పక్కన కూర్చుని లెక్క వేశాం. అప్పు తీరిస్తే 31.5 లక్షలు మిగులుతాయి. బ్యాంకులో వేస్తే ఏడు శాతం వడ్డీకి నెలకు 18 వేల చిల్లర. పైపులు, గ్లౌజులు, జెల్లీ, డైపర్లు, మందులు, ఒక ఆయా జీతం కలిపితే అంతకు అంతా అయిపోతుంది. ఇంటద్దె, తిండి, పిల్లాడి చదువు మిగిలిపోయాయి. మేస్త్రి అప్పటిదాకా మాట్లాడలేదు. "నేను ఇంకో ఇరవై ఏళ్ళు బతికితే ఆ ఏడు శాతం అలాగే ఉంటుందా సార్?" అన్నాడు. ఉండదు అన్నాను. వద్దన్నారు. తీసుకుని ఉంటే తప్పుపట్టేవాణ్ణి కాదు.

అంకెలు

2025 సెప్టెంబరులో ట్రిబ్యునల్ అవార్డు, అంటే తీర్పు, వచ్చింది. నెలకు 15,000 ఆదాయం. సొంత పని చేసుకునే 40 ఏళ్ళలోపు వాళ్ళకు సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి, అంటే 21,000. గాయం కేసుల్లోనూ ఇది కలపాలని పప్పు దేవ్ యాదవ్ కేసు 2020లో తేల్చింది. 31 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకు సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని పట్టికలో గుణకం (ఏడాది నష్టాన్ని ఎంతతో హెచ్చవెయ్యాలో చెప్పే అంకె) 16. మనిషి బతికే ఉన్నాడు కాబట్టి సొంత ఖర్చుల కింద కోత ఉండదు. 21,000 ఇంటు 12 ఇంటు 16, మొత్తం 40,32,000.

సహాయకుడి ఖర్చు కోసం మేము కాజల్ కేసు పట్టుకున్నాం. 2020 ఫిబ్రవరి నాటి ఆ తీర్పులో సుప్రీంకోర్టు సహాయకుల ఖర్చును ఒక ముద్ద మొత్తంగా కాకుండా, నెలకు ఇంత అని గుణకంతో లెక్క కట్టింది. మేము పగటికొకరు, రాత్రికొకరు, నెలకు 20,000 అడిగాం. ట్రిబ్యునల్ ఏ-17ను ప్రస్తావించి, భార్య చేసే చాకిరీ ఉచితం అనుకోకూడదని రాసింది గానీ ఒక్కరికే, నెలకు 10,000 చొప్పున 19,20,000 ఇచ్చింది. పైపులూ గ్లౌజుల వంటి నెలవారీ ఖర్చు 5,000 చొప్పున 9,60,000. అయిన వైద్య ఖర్చు 6,41,000. గాలి పరుపు, వీల్‌చెయిర్ మార్చుకోడానికి 2,00,000. నొప్పి, బాధ కింద 5,00,000. జీవితంలో కోల్పోయిన సుఖసంతోషాల కింద 3,00,000. రవాణా, పోషకాహారం 50,000. అంతా కలిపి 86,03,000. పిటిషన్ వేసిన రోజు నుంచి ఏడున్నర శాతం వడ్డీ. వడ్డీతో కలిపి కోటి దాటింది.

మేస్త్రికి 2024 జులై నుంచి మంచానికి, వీల్‌చెయిర్‌కు పరిమితమైనవాళ్ళకిచ్చే 15,000 పెన్షన్ వస్తోంది. దాన్ని సహాయకుడి ఖర్చులోంచి తగ్గించాలని కంపెనీ వాదించింది. ప్రభుత్వం ఇచ్చేది సంక్షేమం, టిప్పర్ ఓనర్ భారం తగ్గించడానికి ఇచ్చేది కాదు అన్నాం. తగ్గించలేదు.

కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. రేపటి ఖర్చుకు నిన్నటి నుంచి వడ్డీ ఏమిటన్నది వాళ్ళ ముఖ్యమైన అభ్యంతరం. అందులో పస లేకపోలేదు, ఆ మేరకు కొంత తగ్గొచ్చని వీళ్ళకు ముందే చెప్పాను. సగం డిపాజిట్ చెయ్యమని స్టే ఇచ్చారు. అందులో కొంత తీసుకోనిచ్చి, మిగతాది సుసమ్మ థామస్ కేసు నాటి పద్ధతిలో జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించారు. చేతికొచ్చినదాంతో అప్పు తీర్చి, కింది అంతస్తులో 32 అంగుళాల బాత్రూమ్ తలుపున్న ఇంటికి మారారు.

మేమూ ఆ అప్పీలులోనే పరిహారం పెంచమని క్రాస్ అబ్జెక్షన్ వేశాం. ఆదాయం ఒకటి. నొప్పి, బాధ కింద ఇచ్చిన అయిదు లక్షలు ఒకటి. 90 శాతం వైకల్యం ఉన్న మనిషికే 2024 నవంబరులో కె.ఎస్. మురళీధర్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్దు కింద 15 లక్షలు ఇచ్చింది. మూడోది సహాయకుడి జీతం, దీనికి ఇప్పుడు నోటిమాట కాకుండా కాగితం కూడా ఉంది. ఏ-17 కోర్టు రికార్డులో ఉండిపోయింది కాబట్టి ఆమె కొత్త పుస్తకం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం పేజీల ఫొటోలు వాట్సాప్‌లో పంపుతుంది. పోయిన నెల నుంచి రాత్రి ఒంటిగంట, మూడుగంటల దగ్గర చేతిరాత మారింది. రాత్రికి ఆయాను పెట్టుకున్నారు, నెలకు 12,000. జీతం ఇచ్చిన ప్రతిసారీ రసీదు మీద సంతకం పెట్టించుకుని, జిరాక్స్ తీసి నాకు పంపమన్నాను.